గార్డెన్‌లో నేల టికెట్ కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటారు. పాపకి పదేళ్లు. తనకి బాగా ఇష్టమైన గాయని న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కి వస్తోంది. మీ ముగ్గురిలో ఎవరూ ఇంతవరకు అంత పెద్ద కాన్సర్ట్‌కి వెళ్లలేదు. "ఎలాగూ ఖర్చు పెడుతున్నాం కదా, స్టేజీ ముందు నేల మీద వేసే ఫ్లోర్ సీట్లే కొనేద్దామా? కారులో వెళ్లాలా, రైల్లోనా? పాప చెవులకి ఏమీ కాదు కదా?" అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఫ్లోర్ కొనకండి. స్టేజీకి ఎదురుగా, పై అంతస్తులో ఉండే 200 నంబరు సెక్షన్లలో మొదటి ఎనిమిది, పది వరుసల్లోపు తీసుకోండి. ఇంకాస్త పెట్టగలిగితే వాటి కింద ఉండే 100 నంబరు సెక్షన్లలో, స్టేజీకి కొంచెం పక్కగా ఉన్నా సరే, స్టేజీ అంచు కన్నా ముందుకు ఉన్న సీట్లు చూడండి. రైల్లో వెళ్లండి. పాపకి ఇయర్ మఫ్స్ తప్పకుండా కొనండి, మీ ఇద్దరికీ ఇయర్ ప్లగ్స్. మిగతాదంతా ఎందుకు, ఎలా అన్నదే. తీరిక ఉంటే చదవండి.

నేను 2006 నుంచి న్యూజెర్సీలోనే ఉంటున్నాను. ఆ ఒక్క బిల్డింగులోనే అరవై పైచిలుకు షోలు చూసుంటాను. సరైన లెక్క మా ఆవిడ దగ్గర ఉండేది, క్రెడిట్ కార్డు బిల్లులు చూసి చూసి విసుగొచ్చి ఆవిడా మానేసింది. నాకు సంగీతం రాదు, సౌండ్ ఇంజినీర్ని కూడా కాదు. డబ్బులు పోసి తప్పులు చేసి నేర్చుకున్న మామూలు శ్రోతని.

నేల టికెట్ సంగతి

మా తెనాల్లో సినిమా హాలంటే నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. నేల టికెట్ అన్నిటికన్నా చవక. తెర పక్కనే కూర్చుని మెడ పైకెత్తి చూడాలి, లేచేసరికి మెడ పట్టేసేది. ఇక్కడికొచ్చాక చూస్తే లెక్క తలకిందులైంది. నేల టికెట్టే అన్నిటికన్నా ఖరీదు. మెడ పట్టేయడం మాత్రం మారలేదు.

ఫ్లోర్ అంటే మామూలు రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడే చోటు, హాకీకి మంచు వేసే చోటు. కాన్సర్ట్ రోజు దాని మీద కుర్చీలు వేస్తారు. అది పూర్తిగా చదును, ఒక వరుసకీ ఇంకో వరుసకీ ఎత్తులో తేడా ఉండదు. మొదటి పాట మొదలవగానే ముందువరుస వాళ్లు లేస్తారు. వాళ్లు లేచారని రెండో వరుస, రెండోది లేచిందని మూడోది. అరనిమిషంలో ఫ్లోరంతా నిలబడి ఉంటుంది. రెండు గంటలు అంతే.

2012లో ఒకసారి పంతం పట్టి ఫ్లోర్‌లో ఇరవై రెండో వరుస కొన్నాను. మా ఆవిడ ఐదడుగుల ఒక అంగుళం. ముందు నిలబడినతను ఆరడుగులు దాటి ఉంటాడు, పైగా ఫోను ఎత్తి పట్టుకుని పాటలన్నీ రికార్డు చేశాడు. మా ఆవిడ ఆ షో మొత్తం అతని ఫోను తెరలో చూసింది. ఒకసారి కుర్చీ ఎక్కి నిలబడితే సెక్యూరిటీ వచ్చి దింపేశారు. ఇంటికొచ్చేటప్పుడు రైల్లో, "ఇదే వీడియో రేపు యూట్యూబ్‌లో వస్తుంది కదా, ఉచితంగా" అంది. నా దగ్గర సమాధానం లేదు. మీ పాపకి పదేళ్లంటే నాలుగున్నర అడుగులుంటుందేమో. ఫ్లోర్‌లో ఆ పిల్లకి కనబడేవి నడుములూ, చొక్కాలూ, అంతే.

మినహాయింపు ఒకటుంది. మొదటి ఐదారు వరుసల్లోనో, స్టేజీ నుంచి జనంలోకి వచ్చే ర్యాంపు పక్కనో దొరికితే అది వేరే అనుభవం. కానీ ఆ సీట్ల ధర మనలాంటి వాళ్ల నెల ఇంటద్దెతో పోటీ పడుతుంది. ఇంకో రకం ఫ్లోర్ ఉంది, కుర్చీలు లేకుండా నిలబడి చూసేది. పిల్లలతో దాని జోలికి పోవద్దు.

ఖరీదైన సీట్ల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. బిల్లీ జోయెల్ అనే గాయకుడు 2014 జనవరి నుంచి 2024 జులై దాకా గార్డెన్‌లో ఇంచుమించు నెలకో షో చేశాడు. 2024 జులై 25న ఆ వరుసలో ఆఖరిది జరిగింది, అది అక్కడ ఆయనకి 150వ షో. ఆయన చాలా ఏళ్లు మొదటి వరుస టికెట్లు అమ్మేవాడు కాదు. అక్కడ కొనగలిగిన డబ్బున్నవాళ్లు "నన్ను మెప్పించు చూద్దాం" అన్నట్టు చేతులు కట్టుకుని కూర్చుంటారని ఆయన విసుగు. తన మనుషుల్ని పై సీట్లలోకి పంపి, అక్కడ ఉత్సాహంగా ఉన్న అభిమానుల్ని తీసుకొచ్చి ముందు కూర్చోబెట్టేవాడు. ఆయన షోలకి మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ పైనే కూర్చున్నాను. నా దగ్గరికి ఎవరూ రాలేదు, అది వేరే సంగతి.

ఎక్కడ కూర్చోవాలి, ఎందుకు

ఆ బిల్డింగు స్వభావం కొంచెం తెలిస్తే సీటు ఎంచుకోవడం తేలిక. ఇప్పుడున్న గార్డెన్ 1968 ఫిబ్రవరిలో తెరిచారు, సరిగ్గా పెన్ స్టేషన్ అనే పెద్ద రైల్వే స్టేషన్ నెత్తిమీద. పాత స్టేషన్ భవనాన్ని కూలగొట్టి, పట్టాల్ని కిందే ఉంచి, పైన ఇది కట్టారు. అందుకే ఆట జరిగే నేల వీధి మట్టానికి దాదాపు ఐదు అంతస్తుల ఎత్తులో ఉంటుంది. ఫ్లోర్ టికెట్ కొన్నవాళ్లు కూడా ఎస్కలేటర్లు ఎక్కి పైకి వెళ్లాల్సిందే. రెండో విషయం, పైకప్పు ఉక్కు తీగల మీద వేలాడుతుంది. లోపల స్తంభాలు లేవు, స్తంభం అడ్డొచ్చే సీటూ లేదు. హాలు గుండ్రంగా ఉండడం వల్ల పై సీట్లు కూడా మరీ దూరంగా అనిపించవు. ఫుట్‌బాల్ స్టేడియంలో పై వరుసలో కూర్చుంటే గాయకుడు బియ్యపు గింజంత ఉంటాడు. ఇక్కడ కనీసం చిక్కుడు గింజంత కనబడతాడు. కాన్సర్ట్‌కి పట్టే జనం దాదాపు ఇరవై వేలు.

200 సెక్షన్లు బాగా నిటారుగా ఉంటాయి. ముందు వరుసవాళ్లు లేచి నిలబడినా వాళ్ల తల మీ మోకాళ్ల దగ్గరే ఉంటుంది. పిల్లలకి ఇదే కావాలి. కూర్చుని కూడా చూడగలిగే చోటు ఆ హాల్లో ఏదైనా ఉందంటే అదే.

మరీ వెనక వరుసలు మాత్రం వద్దు. 2011 నుంచి 2013 దాకా దాదాపు వంద కోట్ల డాలర్లు పెట్టి గార్డెన్‌ని బాగుచేశారు. అప్పుడు పైకప్పు కింద రెండు పక్కలా వంతెనల్లాంటివి వేలాడదీసి, వాటి మీదా సీట్లు వేశారు. ఆ వంతెనల కిందకి వచ్చే 200ల వెనక వరుసల్లో కూర్చుంటే మీ ముందు చూరు వంగినట్టుంటుంది. స్టేజీ కనబడుతుంది కానీ పైన వేలాడే తెర, లైట్ల ఆట సగం పోతాయి. ఈ రోజుల్లో షోల్లో సగం మజా ఆ లైట్లే కదా. అందుకే మొదటి పది వరుసలన్నాను.

శబ్దం విషయానికొస్తే, ఫ్లోర్ మీద స్టేజీకి ఎదురుగా, బాగా వెనక్కి, ఒక చిన్న మంచెలాంటిది కనబడుతుంది. నల్లగుడ్డలు కట్టిన కంచె, లోపల బల్లలు, మినుకుమినుకుమనే దీపాలు. శబ్దం కలిపే ఇంజినీరు కూర్చునేది అక్కడే. ఆయన చెవికి ఏది బాగుంటే హాలంతటికీ అదే పంపుతాడు. ఆ మంచె వెనక, దానికి నేరుగా పైన ఉన్న సీట్లలో పాట బాగా వినిపిస్తుంది. స్టేజీకి రెండు పక్కలా ద్రాక్షగుత్తుల్లా వేలాడే స్పీకర్లు కూడా ఎదుటివైపు జనాన్ని ఉద్దేశించి తిప్పి ఉంటాయి. స్టేజీకి మరీ పక్కన ఉన్న సీట్లలో మనిషి దగ్గరగా కనబడతాడు, కానీ డ్రమ్స్ ఒక్కటే మోగి గొంతు గోడకి కొట్టుకుని వచ్చినట్టుంటుంది. స్టేజీ వెనక సీట్లు చవగ్గా వస్తాయి. ఒకసారి సరదాకి వెళ్లాను, రెండు గంటలు డ్రమ్మర్ వీపు చూశాను. అతను బాగానే వాయించాడు.

ఒక జాగ్రత్త. కొందరు హాలు మధ్యలో గుండ్రటి స్టేజీ వేస్తారు. అప్పుడు పైన చెప్పిన లెక్కంతా మారిపోతుంది, అన్ని వైపులూ ఒకటే. కొనేముందు ఆ షో సీటింగ్ మ్యాప్ చూడండి. బాస్కెట్‌బాల్ మ్యాప్ చూసి కాన్సర్ట్ టికెట్ కొని పశ్చాత్తాపపడ్డ వాళ్లు నాకు తెలుసు.

పెద్దవాళ్లని తీసుకెళ్లే వాళ్ల కోసం ఇక్కడే ఇంకో మాట. 2018లో నాన్న వచ్చినప్పుడు ఆయన్ని 200లలో నాలుగో వరుసకి తీసుకెళ్లాను. మెట్లు దిగుతూ ప్రతి సీటు వీపూ పట్టుకున్నారు. కూర్చున్నాక కిందకి చూసి, "ఒరేయ్, కొండమీద కూర్చుని కింద సత్రంలో భజన చూస్తున్నట్టుందిరా" అన్నారు. షో మధ్యలో జనమంతా ఒక్కసారి గెంతడం మొదలుపెట్టారు. కాళ్ల కింద నేల సన్నగా ఊగింది. నాన్న నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. ఊగేలా కడితేనే విరగదని చెప్పినా, ఆ పాట అయ్యేదాకా వదల్లేదు. మీ పాపకి కూడా ముందే చెప్పి ఉంచండి, లేకపోతే కంగారు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లయితే 200లు వద్దు, 100లలో కొస సీటు చూడండి. లేదా మెట్లు లేకుండా వెళ్లగలిగే సీట్లు వేరేగా అమ్ముతారు, అవసరం ఉన్నవాళ్లు మొహమాటపడకుండా అడగండి.

టికెట్ ఎప్పుడు, ఎలా కొనాలి

మొదటిరోజు అమ్మకంలో దొరికితే సరే. దొరక్కపోతే ఏడవకండి. టికెట్లు అమ్మే యాప్‌లో మ్యాప్ మీద నీలం చుక్కలు అసలు అమ్మకానివి, గులాబీ చుక్కలు ఎవరో కొని తిరిగి అమ్ముతున్నవి. మొదటిరోజు గులాబీ చుక్కల ధర చూసి గుండె జారిపోతుంది. అవి అలాగే ఉండవు. షో రోజు మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా అమ్మేవాళ్లకి భయం పట్టుకుంటుంది, అమ్ముడుపోని టికెట్ రాత్రికి చిత్తుకాగితమే కదా. అప్పుడు తగ్గుతాయి. మరీ గిరాకీ ఉన్న పేర్లకి ఇది పనిచేయదు, ఆఖరి నిమిషం దాకా పైనే ఉంటాయి.

మీకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది, మీరు ముగ్గురు. తిరిగి అమ్మేవాళ్లు ఎక్కువగా జంటలుగా కొంటారు, జంటలుగానే అమ్ముతారు. నాలుగున్నవాడు మీకు మూడు ఇచ్చి ఒకటి మిగుల్చుకోడు. అందుకని షో రోజు ధర తగ్గుతుందని కూర్చుంటే మూడు పక్కపక్క సీట్లు దొరక్కపోవచ్చు. మీరు మాత్రం ముందే కొనండి. లేదంటే రెండు ఒక వరుసలో, ఒకటి దాని వెనక వరుసలో చూడండి. పాపా వాళ్లమ్మా ముందు, మీరు వెనక. నిజానికి అదే మంచిది, ఫొటోలు బాగా వస్తాయి.

ఆ గాయని ఒకే ఊళ్లో వరుసగా చాలా రాత్రులు చేస్తుంటే మీ అదృష్టం. 2022లో హ్యారీ స్టైల్స్ అనే గాయకుడు గార్డెన్‌లో 15 రాత్రులు చేశాడు. 2017లో ఫిష్ అనే బ్యాండు 13 రాత్రులు చేసింది, ఒక్క పాట కూడా మళ్లీ వాయించకుండా. అలాంటప్పుడు శుక్ర, శనివారాలు వదిలేసి మంగళ, బుధవారాలు చూడండి. మొదటి రాత్రీ ఆఖరి రాత్రీ కూడా వదిలేయండి, వీరాభిమానులు వాటి మీదే పడతారు.

ఫీజుల విషయంలో ఇప్పుడు పాతరోజుల మోసం లేదు. 100 డాలర్లని చూపించి చివరి పేజీలో 138 చేసేవాళ్లు. 2022 ఆగస్టు చివరి నుంచి న్యూయార్క్‌లో అన్నీ కలిపిన ధరే మొదట చూపించాలని చట్టం వచ్చింది. 2025 మే నుంచి దేశమంతటా అదే నియమం. ధర తగ్గిందని కాదు, మొదటే కనబడుతుంది.

ఇక నా అవమానం ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒక వాట్సాప్ గ్రూపులో ఎవరో రెండు టికెట్లు ఉన్నాయంటే, మనవాడే కదా అని 340 డాలర్లు పంపాను. ఆయన బార్‌కోడ్ స్క్రీన్‌షాట్ పంపాడు. గేటు దగ్గర పిల్ల స్కానర్ పెట్టి చూసి, తల అడ్డంగా ఊపింది. ఇప్పటి మొబైల్ టికెట్లలో బార్‌కోడ్ కొన్ని సెకన్లకోసారి మారుతుంటుంది, ఫొటో తీసినది పనికిరాదు. నా వెనక వందమంది క్యూ, పక్కన మా ఆవిడ. ఆ రాత్రి 32వ వీధిలో కొరియా వాళ్ల హోటల్లో తిని ఇంటికొచ్చాం. టికెట్ యాప్ నుంచి యాప్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యాకే డబ్బులు. స్క్రీన్‌షాట్, పీడీఎఫ్, "గేటు దగ్గర కలుస్తాను" వీటిలో ఏదన్నా నమ్మకండి. ఇంటి దగ్గరే ఫోను వాలెట్‌లో వేసుకుని ఉంచండి, గేటు దగ్గర ఇరవై వేల మంది ఒకేసారి ఫోను తీస్తే నెట్‌వర్క్ నీరసించిపోతుంది.

రైలా, కారా

చాలా హాళ్లకి లేని సౌకర్యం గార్డెన్‌కి ఉంది, మన రైలు సరిగ్గా దాని కిందకే వెళ్లి ఆగుతుంది. ఎడిసన్‌లోనో, పక్కనే ఉన్న మెట్రోపార్క్ స్టేషన్‌లోనో ఎక్కితే ముప్పావుగంట నుంచి గంటలోపు పెన్ స్టేషన్. బయటికి రాగానే తలెత్తితే గార్డెన్. 2014 సెప్టెంబర్ 28న మోదీ సభ అక్కడ జరిగినప్పుడు ఎడిసన్ ఊరు ఊరంతా ఆ రైల్లోనే ఉందనిపించింది. మా వీధిలో పెద్దవాళ్లు చాలామంది ఆ బిల్డింగు మొదటిసారి చూసింది ఆరోజే.

కారులో వెళ్తే నది కింద పోయే లింకన్ టనెల్‌కి టోల్. దాని మీద 2025 జనవరి 5 నుంచి 60వ వీధికి దిగువన మన్‌హాటన్‌లోకి వచ్చే కారుకి రద్దీ రుసుము, రాత్రి తొమ్మిదిలోపు వెళ్తే 9 డాలర్లు. టనెల్‌లోంచి వచ్చేవాళ్లకి అందులో కొంత తగ్గిస్తారు. గార్డెన్ 33వ వీధి దగ్గర, అంటే నడిమధ్యలో ఉంది. ఆపైన షో రోజు పార్కింగ్. అన్నీ కలిపితే ముగ్గురి రైలు ఖర్చు దాటిపోవచ్చు. ఇవన్నీ భరించినా, షో అయ్యాక గ్యారేజీలోంచి కారు బయటికి రావడానికి పట్టే సమయంలో రైల్లోవాళ్లు న్యూజెర్సీలోని నూవర్క్ ఊరు దాటేస్తారు.

నా పద్ధతి చెప్తాను. కారు మెట్రోపార్క్ గ్యారేజీలో పెట్టి అక్కడ ఎక్కుతాను. కొన్ని వేగం రైళ్లు ఎడిసన్‌లో ఆగవు, మెట్రోపార్క్‌లో దాదాపు అన్నీ ఆగుతాయి. తిరిగొచ్చే టికెట్ కూడా వెళ్లేటప్పుడే యాప్‌లో కొనేస్తాను. రాత్రి పదకొండింటికి ఆ గుంపులో నిలబడి కార్డు నంబరు కొట్టే ఓపిక ఉండదు.

షో అయ్యాక సంగతి మాత్రం కళ్లకి కట్టినట్టు తెలిసి ఉండాలి. ఏడో అవెన్యూ వైపు కిందకి దిగితే న్యూజెర్సీ ట్రాన్సిట్ హాలు వస్తుంది. ఎనిమిదో అవెన్యూ అవతల 2021లో తెరిచిన మొయినిహాన్ హాలు గాజు పైకప్పుతో చాలా అందంగా ఉంటుంది, కానీ అది ముఖ్యంగా ఆమ్‌ట్రాక్ అనే దూరప్రయాణాల రైళ్లది, లాంగ్ ఐలాండ్ రైళ్లది. మన బండి కోసం అటు వెళ్లి తిప్పలు పడకండి. మన హాల్లో పెద్ద బోర్డు ఉంటుంది. అందరూ తలెత్తి దాన్నే చూస్తూ నిలబడతారు, ఎవరూ మాట్లాడరు. రైలు పేరు, టైము ఉంటాయి, ట్రాక్ నంబరు చోటు ఖాళీగా ఉంటుంది. బయల్దేరడానికి పదినిమిషాల ముందు అక్కడ ఒక అంకె పడుతుంది. అంతే, అప్పటిదాకా విగ్రహాల్లా ఉన్న ఐదొందల మంది ఒక్కసారి ఒకే మెట్ల వైపు ఉరుకుతారు. మన రిజర్వేషన్ లేని జనరల్ బోగీ గుర్తొస్తుంది. పాప చెయ్యి ఆ అంకె పడకముందే పట్టుకోండి. ఆ మెట్లు దిగేటప్పుడు తోసుకోకండి, రైలు పెద్దదే, ముందు బోగీల దాకా నడిస్తే చోటు ఉంటుంది.

అర్ధరాత్రి దాటాక రైళ్లు పలచబడతాయి, ఒకటి తప్పితే చాలాసేపు కాచుకోవాలి. గార్డెన్ షోలు మామూలుగా పదకొండు అటూఇటూగా ముగుస్తాయి కాబట్టి ఇబ్బంది రాదు. నేను ఆఖరి పాట మొదలవగానే లేచే రకం కాదు, దీపాలు వెలిగేదాకా కూర్చుంటాను. పాపకి మర్నాడు బడి ఉంటే మీరు లేవండి, తప్పులేదు.

ఇక్కడ ఇంకో మాట, మీరు అడగకపోయినా. అదే గాయని నూవర్క్ ప్రుడెన్షియల్ సెంటర్‌కి కూడా వస్తోందేమో చూడండి. 2007లో కట్టిన హాలు, నూవర్క్ పెన్ స్టేషన్ నుంచి ఐదారు నిమిషాల నడక, మన రైలు లైన్లోనే. ధర తరచుగా తక్కువ. న్యూయార్క్ దాకా పోయే పని లేదు, కారులో వెళ్లినా టనెల్, రద్దీ రుసుము ఉండవు. పిల్లలతో మొదటిసారికి నేనైతే అదే ఎంచుకుంటాను. "గార్డెన్‌లో చూశాను" అని స్కూల్లో చెప్పుకోవాలని పాప పట్టుబడితే మాత్రం మీరేం చేయలేరు.

చెవులు

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండొచ్చు అనేది ఇక్కడ కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ పెట్టిన హద్దు. శబ్దం మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. మనం కూర్చునేది రెండున్నర గంటలు. సంగీతం వినిపించే చోట్ల సగటు 100 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది, అంటే ఎక్కడెక్కడ దాటుతోందో మీరే ఊహించుకోండి. మొదట్లో నేను ప్లగ్స్ పెట్టుకోవడం చాదస్తం అనుకునేవాణ్ని. ఒక రాక్ బ్యాండు షో అయ్యాక రెండు రోజులు చెవిలో కీచురాయి కూసింది. మూడోరోజు ఆగింది, నా అదృష్టం.

దూది పెడితే చాలదు. పాపకి తలమీంచి వేసే ఇయర్ మఫ్స్ కొనండి, పిల్లల సైజు. మీకు నురుగు ప్లగ్స్ చాలు, కానీ చాలామంది వాటిని తప్పుగా పెట్టుకుంటారు, చెవి బయట బిరడాలాగా. రెండు వేళ్ల మధ్య దీపం వత్తిలా సన్నగా నలపండి. రెండో చెయ్యి తల వెనక నుంచి తెచ్చి చెవి పై అంచుని పైకీ వెనక్కీ లాగండి. అప్పుడు లోపలికి తోసి అరనిమిషం వేలితో నొక్కి పట్టుకోండి, లోపల ఉబ్బి సరిగ్గా కూర్చుంటుంది. మీ గొంతు మీకే బావిలోంచి వస్తున్నట్టు వినిపిస్తే సరిగ్గా పడ్డట్టు. పాట కాస్త మెత్తగా వినిపిస్తుంది, అంతే. 

చిల్లర మల్లర

టికెట్ మీద ఏడున్నర అని ఉంటే అసలావిడ వచ్చేది ఎనిమిదిన్నర, ముప్పావు. ముందు వేరేవాళ్లెవరో పాడతారు. పాపకి నిద్ర వేళ దాటుతుందనుకుంటే ఆలస్యంగా వెళ్లొచ్చు, కానీ వీలైతే ఆ మొదటివాళ్లనీ వినండి. 1971 ఆగస్టు 1న ఇదే గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం బీటిల్స్ బ్యాండు జార్జ్ హారిసన్ కచేరీ పెట్టినప్పుడు మొదట వాయించింది మన రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా. వాళ్లు శ్రుతి సరిచూసుకుని ఆపగానే జనం చప్పట్లు కొట్టారు, పాట అయిపోయిందనుకుని. శ్రుతే ఇంత నచ్చితే వాయిద్యం ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానన్నారు రవిశంకర్. ఆరోజు ఆలస్యంగా వచ్చినవాళ్లు ఏం పోగొట్టుకున్నారో చెప్పక్కర్లేదు.

సీటు కింద పట్టని బ్యాగ్ తేవద్దు. "లోపల ఎక్కడో దాచుకోవచ్చులే" అనే నమ్మకంతో ఆఫీసు నుంచి ల్యాప్‌టాప్ సంచీలు మోసుకొచ్చి గేటు దగ్గర బిక్కమొహం వేసేవాళ్లని ప్రతిసారీ చూస్తాను. చలికాలమైతే ముగ్గురి జాకెట్లూ ముగ్గురి ఒళ్లోనే, కాబట్టి మందపాటి కోటు బదులు రెండు పలచటివి వేసుకోండి.

తిండి బయటే కానిచ్చేయండి, లోపల ధరలకి ఆకలి చచ్చిపోతుంది. టైముంటే లెక్సింగ్టన్ అవెన్యూ మీద 27, 28 వీధుల దగ్గర దోసెలు దొరుకుతాయి, ఇరవై నిమిషాల నడక. టైము లేకపోతే 32వ వీధి కొరియా వాళ్ల హోటళ్లు దగ్గర. నాకు టికెట్ లేకపోయినా ఆకలి తీర్చినవి అవే.

గుర్తున్నవన్నీ రాశాను. షో తేదీ, మీ బడ్జెట్ ఇక్కడే చెప్పండి, ఆ రోజు మ్యాప్ చూసి ఫలానా సెక్షన్, ఫలానా వరుస అని చెప్తాను. రైలు టికెట్ మాత్రం కండక్టరు వచ్చాక కాదు, ఎక్కేముందే యాక్టివేట్ చేసుకోండి. సొరంగంలో సిగ్నల్ ఉండకపోవచ్చు.